పచ్చ దీపం వెలిగితే చాలదు: మా కాలేజీ ఫైబర్ సామానుపై ఎనిమిది నెలల సమీక్ష

వరంగల్‌కు దగ్గరలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్కు, సర్వర్ల బాధ్యత చూస్తున్నాను. కిందటి నవంబరులో మెయిన్ బ్లాకు నుంచి గ్రంథాలయానికి, అమ్మాయిల హాస్టలుకు, గేటు దగ్గరి సీసీ కెమెరాల గదికి మూడు ఫైబర్ లింకులు వేయించాము. అందుకు కావలసిన కేబులు, దాని కొసలను విప్పి అమర్చే ఎల్‌ఐయూ పెట్టెలు, ఆ కొసలకు అతికే పిగ్‌టెయిళ్ళు అనే పొట్టి తీగలు, పెట్టె నుంచి స్విచ్చుకు పోయే ప్యాచ్ కార్డులు, స్విచ్చులో గుచ్చితే కరెంటును వెలుతురుగా, వెలుతురును కరెంటుగా మార్చే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్ళు అన్నీ హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒకే దుకాణంలో కొన్నాము. స్ప్లైసింగుకు, అంటే గాజు పోగులను కరిగించి అతికే పనికి మాత్రం, వరంగల్ నుంచి ఒక బృందాన్ని పిలిపించాము. ఒక ఎండాకాలమూ రెండు పిడుగుల వానలూ గడిచాయి కనుక, ఈ సామాను గురించి నమ్మకంగా నాలుగు మాటలు రాయవచ్చుననిపించింది.

ముందే చెప్పేస్తాను. కేబులు బాగుంది, మాడ్యూళ్ళు నేను అనుకున్నదానికంటే బాగున్నాయి, మొత్తం బిల్లులో అన్నిటికన్నా తక్కువ ధర పలికిన ప్యాచ్ కార్డులే మమ్మల్ని మూడు వారాలు తిప్పలు పెట్టాయి. దుకాణం పేరు గానీ తయారీదారుల పేర్లు గానీ రాయడం లేదు. ఒకే రకం ప్యాచ్ కార్డు మూడు సంచుల్లో మూడు పేర్లతో మా చేతికి వచ్చింది కాబట్టి, ఈ అంగట్లో పేరు చూసి కొనడంకన్నా వస్తువును చూసి కొనడమే మేలని నా అభిప్రాయం.

అసలు పాత ఏర్పాటును ఎందుకు మార్చవలసి వచ్చిందో చెప్పాలి. హాస్టలు 640 మీటర్ల దూరంలో ఉంది. అక్కడికి వైర్‌లెస్ రేడియోతో నెట్టుకొచ్చేవాళ్ళము గానీ, నడుమ ఉన్న వేపచెట్లు ఏటేటా పెరిగి అడ్డం రావడంతో వాన పడ్డ రాత్రల్లా ఫిర్యాదులే. గేటుకు రాగి తీగ వేసి ఉండేది. రాగి ఈథర్నెట్ తీగ 100 మీటర్లకు మించి పనిచేయదు కనుక దారిలో స్తంభాలకు పెట్టెలు బిగించి వాటిలో చిన్న స్విచ్చులు పెట్టారు. మే నెల అకాల వర్షాలకు పిడుగు పడి ఆ స్విచ్చులు రెండేళ్ళలో రెండుసార్లు మాడిపోయాయి. గ్రంథాలయానికి ఎప్పుడో వేసిన నారింజరంగు మల్టీమోడ్ కేబులు ఉంది. దాని కోరు, అంటే గాజు పోగు నడుమ వెలుతురు నడిచే దారి, 62.5 మైక్రాన్ల వెడల్పు రకం. 210 మీటర్ల దూరానికి 1 గిగాబిట్ వరకు అది సరిపోయేది గానీ, 10 గిగాబిట్ వేగంలో 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మాడ్యూలుతో అలాంటి కేబులు మీద 33 మీటర్లకు మించి హామీ లేదు. కాబట్టి దాన్ని కూడా వదిలేసి మూడు చోట్లకూ సన్నని కోరు ఉండే సింగిల్‌మోడ్ కేబులే వేయాలని నిర్ణయించుకున్నాము.

కేబులు సంగతి. మేము తీసుకున్నది జీ.652డీ అనే సింగిల్‌మోడ్ ప్రమాణానికి చెందిన 6 కోర్ల (అంటే ఆరు పోగుల) ఆర్మర్డ్ రకం, మీటరుకు 28 రూపాయలు. నల్లని పాలిథిన్ తొడుగు కింద ముడతలు పెట్టిన ఉక్కు రేకు చుట్టి ఉంటుంది, దాని లోపల జెల్లీ నింపిన గొట్టం, ఆ గొట్టంలో ఆరు గాజు పోగులు. ఒక్కొక్క పోగు గాజు మందం 125 మైక్రాన్లు, దాని నడుమ వెలుతురు నడిచే కోరు సుమారు 9 మైక్రాన్లు మాత్రమే. మన తలవెంట్రుకలో ఎనిమిదో వంతు కూడా ఉండదనుకోండి. మా కందకం నీళ్ళ పైపుల పక్కనుంచి పోతుంది, ఆ వైపు పందికొక్కుల బెడద ఎక్కువ. పాత రాగి తీగను అవి రెండు చోట్ల కొరికి పెట్టాయి కాబట్టి ఉక్కు రేకు లేని కేబులు ఎంత చవకగా వచ్చినా వద్దన్నాము. వేసిన చోటును బట్టి ఈ ఎంపిక మారుతుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌లా కరెంటు స్తంభాల మీదుగా తీసుకుపోయే కేబులులో లోహం లేకపోవడమే క్షేమం. తెలంగాణలో టీ-ఫైబర్‌ను మిషన్ భగీరథ పైపులతో పాటు నేలలో వేసినట్టు పూడ్చిపెట్టే చోట తొడుగు గట్టితనానికే మొదటి మార్కు. ఆర్మర్డ్ కేబులు వాడేవారు ఒకటి మరచిపోకూడదు. గాజులో కరెంటు పారదు గానీ ఆ ఉక్కు రేకులో పారుతుంది. అందుకే రెండు కొసల్లోనూ రేకును పెట్టె బయటే కత్తిరించి, ఒక వైపు ఎర్తింగ్ చేయించాము. జూన్‌లో గేటు పక్కన టేకు చెట్టు మీద పిడుగు పడినప్పుడు కెమెరాలు రెండు పోయాయి గానీ, ఫైబర్ లింకుకు ఏమీ కాలేదు.

మొత్తం 1,000 మీటర్ల డ్రమ్ము ఒకటి, 500 మీటర్ల కోత ముక్క ఒకటి కొన్నాము. కేబులు తొడుగు మీద మీటరుకొక అంకె ముద్రించి ఉంటుంది కాబట్టి మొదటి అంకె, చివరి అంకె చూసుకుంటే పొడవు తేలిపోతుంది. కోత ముక్క మీద 1,462 దగ్గర మొదలై 1,951 దగ్గర ఆగింది, అంటే 489 మీటర్లు. ఫోటో తీసి పంపగానే దుకాణదారు మారుమాట లేకుండా 11 మీటర్ల డబ్బు తగ్గించాడు. కందకంలో వేయకముందే డ్రమ్ము మీదే ఓటీడీఆర్‌తో (వెలుతురును పంపి, తిరిగి వచ్చేదాన్ని బట్టి పొడవునూ నష్టాన్నీ గీతగా చూపే యంత్రంతో) ఆరు కోర్లనూ కొలిపించాము. తొడుగు లెక్కన 1,003 మీటర్లు ఉంటే యంత్రం 1,011 చూపించింది. ఇది తప్పు కాదు. లాగినప్పుడు పోగు మీద బరువు పడకుండా గొట్టంలో దాన్ని కాస్త వదులుగా, మెలికలుగా పెడతారు కనుక గాజు పొడవు తొడుగు పొడవుకంటే ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉంటుంది. 1310 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు 0.34 డీబీ (వెలుతురు తరుగుదలను కొలిచే ప్రమాణం) నష్టం వచ్చింది. సాధారణంగా ఆశించే 0.35కు లోపలే.

ఈ అంకెను చూసినప్పుడల్లా నాకు ఒక సంగతి గుర్తుకు వస్తుంది. 1966లో చార్లెస్ కావ్ గాజు పోగుల్లో కిలోమీటరుకు 20 డీబీ నష్టానికి దిగితే వాటితో టెలిఫోను నడపవచ్చునని రాశాడు. అంటే ఒక కిలోమీటరు పోయాక నూటికి ఒక వంతు వెలుతురు మిగిలినా చాలని ఆనాటి ఆశ. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీ పరిశోధకులు ఆ గీత దాటారు, 2009లో కావ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాడు మీటరుకు 28 రూపాయలు పెట్టి కొన్న కేబులులో హాస్టలు దాకా పోయేసరికి పోయే వెలుతురు నూటికి అయిదు వంతులే. గాజు సమస్య యాభై ఏళ్ళ కిందటే తీరిపోయింది. మిగిలిన తగవంతా గాజును గాజుతో కలిపే చోటే ఉంది, మా అనుభవమూ అదే.

కేబులు మీద రెండు ఫిర్యాదులు మాత్రం ఉన్నాయి. తొడుగు చీల్చడానికి లోపల పెట్టే దారం బలహీనంగా ఉండి మూడుసార్లు తెగిపోయింది, చివరికి కత్తితోనే ఒలిచారు. రెండవది రంగుల గొడవ. నీలం, నారింజ, పచ్చ, గోధుమ, బూడిద, తెలుపు అనే వరుసలో ఆరు పోగులు ఉండాలి. మాకు వచ్చిన దానిలో బూడిద, తెలుపు పోగులకు తేడా తెలియడం కష్టమైంది. సాయంత్రం ట్యూబులైటు కింద, పైన జెల్లీ అంటుకుని ఉండగా, రెండూ ఒకటిగానే కనిపించి గ్రంథాలయం వైపు అయిదు, ఆరు కోర్లు తారుమారయ్యాయి. అవి అదనపు కోర్లు కనుక నష్టం లేదు, ఎల్‌ఐయూ మూత మీద రాసిపెట్టుకున్నాము.

ఇక మాడ్యూళ్ళు. హాస్టలుకు, గ్రంథాలయానికి 10 గిగాబిట్ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్, 1310 నానోమీటర్లు, 10 కిలోమీటర్ల ఎల్ఆర్ రకం ఆరు తీసుకున్నాము: నాలుగు వాడకానికి, రెండు నిల్వకు. ఒక్కొక్కటి 2,200 రూపాయలు. స్విచ్చు కంపెనీ తన పేరుతో అమ్మేవాటి ధర దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. దుకాణంలో మొదట ఎదురైన సలహా వేరు. “ఎక్కువ దూరం పోయేది తీసుకుంటే ఇంకా మంచిది కద సార్” అంటూ 40 కిలోమీటర్ల రకాన్ని చూపించారు. ఈ మాట విని కొన్నవాళ్ళు నాకు తెలిసే ఇద్దరున్నారు. 40 కిలోమీటర్ల ఈఆర్ మాడ్యూలు 1550 నానోమీటర్ల దగ్గర బలమైన వెలుతురును పంపుతుంది, కానీ దాని రిసీవరు మైనస్ 1 డీబీఎం కంటే ఎక్కువ వెలుతురును తట్టుకునేలా చేసింది కాదు. అరకిలోమీటరు లింకులో నడుమ వెలుతురును తగ్గించే అటెన్యుయేటరు పెట్టకుండా దాన్ని తగిలిస్తే అవతలి కన్ను జిగేలుమంటుంది, తప్పులు వస్తాయి, ఒక్కోసారి రిసీవరే పాడవుతుంది. ఎల్ఆర్ రకానికి ఆ బాధ లేదు. దాని పంపే శక్తి ప్లస్ 0.5 డీబీఎంను మించదు, రిసీవరు కూడా అంతవరకు తీసుకోగలదు. అందువల్ల మూడు మీటర్ల తీగతో ఎదురెదురుగా కలిపినా ఏమీ కాదు.

డీబీఎం అంటే బెదిరిపోయేవారి కోసం ఒక్క మాట. ఒక మిల్లీవాటు వెలుతురు సున్నా డీబీఎం. మైనస్ 3 అంటే అందులో సగం, మైనస్ 10 అంటే పదో వంతు. మాడ్యూలు పంపిన అంకె, అవతల అందిన అంకె, ఈ రెండింటి తేడాయే దారిలో పోయిన వెలుతురు. ఈ రెండు అంకెలను, వాటితో పాటు మాడ్యూలు వేడిని, వోల్టేజిని, లేజరు లాగే కరెంటును మాడ్యూలే స్వయంగా చెబుతుంది. దానినే డీడీఎం అంటారు. కొనేటప్పుడు డీడీఎం ఉన్నదా అని అడగడం, దుకాణంలోనే ఒక స్విచ్చులో పెట్టించి అంకెలు చూడడం నా దృష్టిలో తప్పనిసరి. మేము కొన్న ఆరింటిలోనూ ఉంది. వాటి అంకెలను చేతిమీటరుతో పోల్చి చూస్తే తేడా 1 డీబీ లోపలే ఉంది, అంతకన్నా ఆశించనక్కరలేదు.

మే నెలలో హాస్టలు పై అంతస్తు గదిలో, తలుపు మూసి ఉన్న ర్యాకులో మాడ్యూలు వేడి 63 డిగ్రీలు చూపించింది. మామూలు రకం మాడ్యూళ్ళకు పైతొడుగు వేడి 70 డిగ్రీల దాకానే అనుమతి. ఉక్కు ర్యాకుకు ఎగ్జాస్ట్ ఫ్యాను ఒకటి పెట్టించాక 54కు దిగింది. ఇలాంటి చోట్లకు మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా తట్టుకునే ఇండస్ట్రియల్ రకం కూడా దొరుకుతుంది గానీ, మా అవసరానికి ఫ్యానే చవక. ఒకే ర్యాకులోని సర్వరునూ స్విచ్చునూ కలపడానికి మాత్రం మాడ్యూళ్ళు కొనలేదు; రెండు కొసలా ఎస్‌ఎఫ్‌పీ ఆకారం ఉన్న మూడు మీటర్ల రాగి డ్యాక్ కేబులు చాలింది.

మాడ్యూళ్ళతో రెండు చికాకులు వచ్చాయి. మాడ్యూలు లోపలి చిన్న మెమరీలో తయారీదారు పేరు, నమూనా సంఖ్య రాసి ఉంటాయి. కొన్ని స్విచ్చులు ఆ పేరు తమది కాకపోతే పోర్టును మూసేస్తాయి. కొన్నిటిలో కమాండుతో ఆ పట్టింపును తొలగించవచ్చు, కొన్నిటిలో కుదరదు. మా దగ్గర ఉన్న రెండు రకాల స్విచ్చుల పేర్లు ముందే చెప్పి దానికి తగ్గట్టు కోడింగు చేయించుకున్నాము. అయినా జనవరిలో ఒక స్విచ్చుకు ఫర్మ్‌వేరు మార్చాక రెండు మాడ్యూళ్ళను అది గుర్తించడం మానేసింది. దుకాణానికి తీసుకువెళితే అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన పరికరంలో గుచ్చి పది నిమిషాల్లో తిరగరాసి ఇచ్చారు, డబ్బు అడగలేదు. సేవకు అది మంచి మార్కు. కానీ వరంగల్ నుంచి కోఠికి వెళ్ళి రావడం ఒక రోజు పని.

రెండో చికాకు గేటు లింకుది. కెమెరాలకు 1 గిగాబిట్ చాలు కనుక ఒకే కోరు మీద రెండు వైపులా నడిచే బైడీ మాడ్యూళ్ళు తీసుకున్నాము. వీటిలో ఒకటి 1310 దగ్గర పంపి 1490 దగ్గర వింటుంది, రెండోది దానికి తలకిందులు. కాబట్టి ఎప్పుడూ జతగానే కొనాలి. మాకు ఇచ్చిన రెండూ 1310 దగ్గర పంపేవే. అంటే ఇద్దరూ ఒకే స్వరంలో మాట్లాడుతూ, ఎవరూ పలకని స్వరం కోసం చెవి ఒగ్గి కూర్చున్నారు. లింకు రాకపోయేసరికి మొదట స్ప్లైసింగును అనుమానించి, ఎల్‌ఐయూ మూత విప్పి, ఎర్ర లేజరు పెన్ను వేసి చూసి సగం రోజు పోగొట్టుకున్నాము. మాడ్యూలును పట్టి లాగే కొక్కెం రంగు చూసి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది: రెంటికీ నీలిరంగు కొక్కేలే, ఒకదానికి వంగపండు రంగు ఉండవలసింది. తప్పు దుకాణానిదే గానీ, విప్పి చూడకుండా సంతకం పెట్టిన మాది కూడా.

ఇప్పుడు ప్యాచ్ కార్డుల దగ్గరికి వస్తాను. ఎల్‌ఐయూలో ఎస్‌సీ రకం కనెక్టర్లు, మాడ్యూలుకు ఎల్‌సీ రకం కనెక్టర్లు కనుక ఒక కొస ఎస్‌సీ, రెండో కొస ఎల్‌సీ ఉన్న జంట ప్యాచ్ కార్డులు ఎనిమిది కొన్నాము, ఒక్కొక్కటి 280 రూపాయలు. ఎస్‌సీలో పోగు కొసను పట్టి ఉంచే తెల్లని సిరామిక్ గొట్టం, అంటే ఫెరూలు, మందం 2.5 మిల్లీమీటర్లు, ఎల్‌సీలో అందులో సగం. ఆ ఫెరూలు నట్టనడుమ గాజు పోగు కొస ఉంటుంది. రెండు కొసలు ఒకదానికొకటి గట్టిగా ఆనుకున్నప్పుడే వెలుతురు ఇటు నుంచి అటు దూకకుండా నడిచిపోతుంది.

హాస్టలు లింకు పెట్టిన రోజున పచ్చ దీపం వెలిగింది, వేగం పరీక్ష బాగా వచ్చింది, అందరం టీ తాగి వెళ్ళిపోయాము. ఇలాంటి లింకులో పోవలసిన వెలుతురు లెక్క సులువే: కేబులుకు 0.22, రెండు స్ప్లైసులకు 0.1, రెండు చోట్ల కనెక్టర్ల కలయికకు 0.6, మొత్తం 1 డీబీకి లోపు. మాడ్యూలు మైనస్ 1.9 పంపుతుంటే అవతల మైనస్ 2.9 దగ్గర అందాలి. ఆ రోజు అందినది మైనస్ 9.6. అంటే రావలసిన వెలుతురులో అయిదో వంతే వస్తోంది. రిసీవరు మైనస్ 14.4 దాకా పనిచేస్తుంది కనుక దీపం వెలుగుతూనే ఉంది, మేము అంకెలు చూడనేలేదు. రెండు వారాలు గడిచాక ఒక రాత్రి లింకు ఆగుతూ వస్తూ హాస్టలు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. చూస్తే మైనస్ 14 చిల్లర, స్విచ్చులో సీఆర్‌సీ తప్పులు (పాడై అందిన డేటా లెక్క) వేలల్లో.

నెపం మొదట మాడ్యూలు మీద, తరువాత కేబులు మీద, ఆ తరువాత స్ప్లైసింగు మీద వేశాము. మాడ్యూలు మార్చాము, మారలేదు. ఓటీడీఆర్ పెట్టాము, కేబులు గీత నున్నగా ఉంది. మూడో వారంలో నేను మెయిన్ బ్లాకు ర్యాకు వెనక్కి టార్చి పట్టుకుని వెళ్ళి చూసినప్పుడు గానీ అసలు సంగతి కంటపడలేదు. కొసలను ఎదురెదురుగా కలిపే నీలి అడాప్టర్ల వరుసలో రెండు పచ్చని కొసలు గుచ్చి ఉన్నాయి.

నీలం, పచ్చ అనేవి అలంకారం కోసం వేసిన రంగులు కావు. నీలి ఎస్‌సీ కొస యూపీసీ రకం, ముఖం దాదాపు చదునుగా నునుపు పెట్టి ఉంటుంది. పచ్చ కొస ఏపీసీ రకం, ముఖాన్ని 8 డిగ్రీల ఏటవాలుగా అరగదీస్తారు, వెనక్కి తిరిగే వెలుతురు పక్కకు పోయి చావడానికి. దేనికదే మంచిది. కానీ చదును ముఖానికి ఏటవాలు ముఖాన్ని ఆనిస్తే నడుమ గాలి సందు మిగిలిపోతుంది, వెలుతురులో పెద్ద భాగం అక్కడే కారిపోతుంది, పైగా అంచు ఒత్తుకుని గాజు ముఖం గీసుకుపోతుంది. దురదృష్టం ఏమంటే రెండింటి బయటి ఆకారం ఒకటే కనుక పచ్చది నీలి అడాప్టరులో చక్కగా టిక్కుమని కూర్చుంటుంది.

దుకాణంలో నీలివి ఆరే ఉంటే లెక్క నింపడానికి రెండు పచ్చవి వేసి పంపారు. బిల్లు మీద మాత్రం ఎనిమిదీ యూపీసీ అనే ఉంది. వాటిని ర్యాకులో గుచ్చిన కుర్రవాడిని అడిగితే అతని జవాబులోనూ న్యాయం ఉంది. ఇళ్ళకు ఫైబర్ కనెక్షన్లు ఇచ్చే పని అతనిది, ఆ పెట్టెల్లో ఎక్కువగా పచ్చ కొసలే ఉంటాయి. “మాకు పచ్చదే అలవాటు సార్, మంచిదనుకున్నా” అన్నాడు. రెండు పచ్చ ప్యాచ్ కార్డులు తీసి నీలివి పెట్టగానే అందే అంకె మైనస్ 3.7కు వచ్చింది.

మరి మైనస్ 14 దాకా ఎందుకు జారింది, రావలసిన మైనస్ 2.9కు ఇంకా తక్కువైన ఆ 0.8 ఎక్కడ పోతోంది? దానికి జవాబు 400 రెట్లు పెద్దదిగా చూపే చేతి సూక్ష్మదర్శినిలో దొరికింది. ఫెరూలు ముఖం తెర మీద బూడిదరంగు పళ్ళెంలా కనబడుతుంది, నడుమ గాజు వృత్తం, దాని నడిబొడ్డున చిన్న చుక్కలా కోరు. సంచి విప్పిన కొత్త ప్యాచ్ కార్డు ముఖం మీద నూనె మరకలాంటి వలయం, కోరుకు ఆనుకుని ఒక నలుసు. 9 మైక్రాన్ల దారికి ఆ నలుసు గుమ్మానికి అడ్డంగా పడ్డ బండరాయే. ప్లాస్టిక్ టోపీ పెట్టి ఉంది కదా, శుభ్రంగానే ఉంటుందని అనుకోవడం పొరపాటు. మరక వేసేది చాలాసార్లు ఆ టోపీయే. తీసిన ప్రతిసారీ ఈ చెత్త కొంచెం కొంచెంగా ముఖం మధ్యకు చేరుతుంది. మేము కారణం వెతుకుతూ పదే పదే తీసి పెట్టడమే పరిస్థితిని ఇంకా చెడగొట్టింది.

అప్పటికి 1,600 రూపాయలు పెట్టి క్లిక్ చేసే క్లీనరు పెన్ను ఒకటి తెప్పించాము. దాని కొసను కనెక్టరుకు ఆనించి నొక్కితే లోపలి సన్నని టేపు తిరిగి ముఖాన్ని తుడుస్తుంది, టిక్కుమంటుంది. ఎస్‌సీ కొసలకు ఒక పెన్ను, ఎల్‌సీ కొసలకు మరొకటి కావాలి, ఫెరూలు మందం వేరు కాబట్టి. మేము మొదట ఒకటే తెప్పించి ఆ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాము. ఎల్‌ఐయూ లోపలి వైపు కొసలను కూడా తుడిచి పెట్టాక అంకె మైనస్ 2.8కి వచ్చి నిలిచింది. నేను తుడుస్తుంటే చూసి ఆ కుర్రవాడు “కొత్తదే కద సార్, తుడుసుడెందుకు?” అని నవ్వాడు. తెర మీద ముందూ తరువాతా బొమ్మలు చూపించాక తనే పెన్ను అడిగి తీసుకుని మిగిలిన కొసలన్నీ తుడిచాడు. అంతకుముందు అతను నోటితో ఊది, బనియను అంచుతో తుడిచేవాడు. ఊదితే తేమ, బనియనుతో నూలు పీచు, ఈ రెండూ గాజుకు శత్రువులే. ఇంకో జాగ్రత్త, 1310 నానోమీటర్ల వెలుతురు కంటికి కనబడదు కనుక మాడ్యూలు వెలుగుతుండగా కొసలోకి కన్ను పెట్టి చూడనీయకండి.

ఎనిమిదింటిలో పచ్చవి రెండు పోగా, మిగిలిన ఆరు నీలివాటిలో ఒకదాని ఎల్‌సీ కొక్కెం మొదటి నెలలోనే విరిగింది, మరొకదాని ముఖం మీద తుడిచినా పోని గీత ఉంది. నాలుగు మాత్రం నికరంగా మంచివి. అంటే సగం సరుకే నిలబడింది. కంపెనీ పరీక్ష ఫలితాలు ముద్రించిన చీటీ ప్రతి సంచిలోనూ ఉంది, అన్నిటి మీదా ఒకే అంకెలు అచ్చయ్యాయి. ఎనిమిది కార్డులకు ఎనిమిది వేర్వేరు అంకెలు రావాలి కదా. ఆ చీటీని నేను లెక్కలోకి తీసుకోను.

ఎల్‌ఐయూ పెట్టెల గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. రేకు పలచన, లోపలి ట్రేలో స్ప్లైసు గొట్టాలను పట్టే గాడులు వదులు, ఒక చుక్క జిగురుతో సరిపెట్టుకున్నాము. అడాప్టర్లలో ఫెరూళ్ళను ఎదురెదురుగా నిలబెట్టే గొట్టం సిరామిక్‌దా కంచుదా అని అడిగి తీసుకున్నందుకు మంచిదే జరిగింది. సింగిల్‌మోడ్‌కు సిరామిక్‌దే వాడాలి.

స్ప్లైసింగు బృందానికి నా మార్కులు ఎక్కువే. కోరుకు 200 రూపాయల చొప్పున, రెండు కొసలూ కలిపి 36 స్ప్లైసులు ఒకటిన్నర రోజులో పూర్తి చేశారు. జెల్లీని ఆల్కహాలుతో శుభ్రంగా తుడిచి, పోగును కోసిన ప్రతిసారీ కోత కోణం తెర మీద చూసి, తేడా వస్తే బద్ధకించకుండా మళ్ళీ కోశారు. స్ప్లైసింగు యంత్రం తెర మీద వచ్చే 0.01, 0.02 డీబీ నష్టాలు అనేవి బొమ్మను చూసి వేసిన అంచనాలు మాత్రమే. మేము ఓటీడీఆర్‌తో రెండు వైపుల నుంచీ కొలిచి సగటు తీస్తే ఒకటి తప్ప అన్నీ 0.08 లోపు వచ్చాయి. ఆ ఒక్కటీ 0.21 చూపితే అడగకముందే విప్పి తిరిగి చేశారు. వారి మీద ఒకే లోపం చెప్పగలను. కొలత 1310 దగ్గర ఒక్కటే తీసి రిపోర్టు ఇచ్చారు. పట్టుబట్టి 1550 దగ్గర కూడా తీయిస్తే గ్రంథాలయం వైపు ఎల్‌ఐయూ దగ్గర 0.7 డీబీ నష్టాన్ని చూపే మెట్టు ఒకటి గీతలో బయటపడింది, 1310 గీతలో అది కనబడనే లేదు. విప్పి చూస్తే ప్లాస్టిక్ టై ఒకటి గొట్టాన్ని బిగించి పోగును మెలిపెట్టింది. పోగు వంపు వల్ల పోయే వెలుతురు పెద్ద తరంగదైర్ఘ్యం దగ్గరే ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి, రెండు కొలతలూ లేని రిపోర్టుకు డబ్బు ఇవ్వకండి. టై కోసేసి వెల్క్రో పట్టీ వేశాక మెట్టు మాయమైంది.

విరిగిన కొక్కెం ఉన్నదాన్ని, గీత పడ్డదాన్ని, రెండు పచ్చవాటిని దుకాణదారు వెనక్కి తీసుకుని నాలుగు కొత్తవి ఇచ్చాడు, ఈసారి కౌంటరు మీదే సూక్ష్మదర్శినితో చూసి తీసుకున్నాము; నాలుగు మంచివి ఏరడానికి ఏడు సంచులు విప్పవలసి వచ్చింది. వచ్చే నెల కొత్త ల్యాబు బ్లాకుకు 25 గిగాబిట్ లింకు వేయాలి. ఆ ఆర్డరు కాగితంలో ప్యాచ్ కార్డుల వరుసకు ఎదురుగా ఈసారి ఇలా రాయించాను: ఎస్‌సీ యూపీసీ నుంచి ఎల్‌సీ యూపీసీ, రెండు కొసలూ నీలివి, జీ.657ఏ1 (వంపును తట్టుకునే పోగు రకం) అని తొడుగు మీదే ముద్ర ఉండాలి, ముఖం చూసిన తరువాతే డబ్బు.